నలుగురికో క్లాసు: 14 నెలలు పాఠాలు చెప్పాక నా రివ్యూ

పోయిన నెల ఒక బ్యాచ్ ఆఖరి క్లాసు మొదలుపెట్టబోతుంటే వియత్నాం నర్సు అడిగింది: "టీచర్, పోయిన క్లాసులో నేనెంతసేపు మాట్లాడాను?" నోట్‌బుక్ తీసి చూసి చెప్పాను, 13 నిమిషాలు అని. మొదటి క్లాసులో ఆమె మాట్లాడింది 2 నిమిషాల 10 సెకన్లు. మిగతా ముగ్గురూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల చప్పుడు నాకు సరిగ్గా వినపడలేదు, సాఫ్ట్‌వేర్ దాన్ని రొద అనుకుని మింగేసింది. ఆ సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత చెబుతాను.

నేను పనిచేస్తున్నది వేరే వేరే దేశాల్లో ఉన్న పెద్దవాళ్ళకి నలుగురేసి గ్రూపులుగా స్పోకెన్ ఇంగ్లీషు నేర్పే ఒక ఆన్‌లైన్ సర్వీసులో. చేరి 14 నెలలైంది. అంతకుముందు 11 ఏళ్ళు స్కూల్లో ఇంగ్లీషు చెప్పాను. తర్వాత ఏడాదిన్నర సొంతంగా ఒక ఉచిత వీడియో కాల్ యాప్‌లో చెప్పాను. అందులో గ్రూపు కాల్ 40 నిమిషాలకి కట్ అయ్యేది, మళ్ళీ అందర్నీ పిలుచుకునేసరికి మాట్లాడుతున్నవాళ్ళు ఏం చెబుతున్నారో మర్చిపోయేవారు. ఈ రివ్యూలో కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి సర్వీసులు చాలా వచ్చాయి, టీచర్‌గా చేరాలనుకునేవాళ్ళు దేనిలో చేరబోయినా ముందు ఏం అడగాలో చెప్పడమే నా ఉద్దేశం. నా నిర్ణయం ముందే చెప్పేస్తాను: పని మంచిది, గ్రూపు సైజు చాలా మంచిది, సాఫ్ట్‌వేర్‌లో రెండు మూడు పెద్ద లోపాలు ఉన్నాయి, లెవెల్ టెస్టు మాత్రం అస్సలు బాగాలేదు.

ఏర్పాటు ఇలా ఉంటుంది. ఒక బ్యాచ్ అంటే 12 వారాలు. వారానికి రెండు క్లాసులు, ఒక్కోటి 50 నిమిషాలు. మొదటి రోజు ఏ నలుగురు వస్తే చివరిదాకా ఆ నలుగురే ఉంటారు, టీచర్ కూడా మారరు. ఐదో మనిషిని ఎంత ఒత్తిడి వచ్చినా చేర్చరు. చాలాచోట్ల చిన్న గ్రూపు అని చెప్పి, రోజుకో కొత్త మనిషి వచ్చిపోయే క్లాసులు నడుపుతారు. అక్కడ ప్రతి క్లాసులోనూ మొదటి పది నిమిషాలు "మీ పేరేంటి, ఏం చేస్తుంటారు" దగ్గరే అయిపోతాయి. అందరూ తమ పరిచయం మాత్రం గడగడా చెప్పడం నేర్చుకుంటారు, రెండో ప్రశ్న అడిగితే ఆగిపోతారు. మాటలు రావాలంటే ఎదుటి మనిషి నిన్న ఏం చెప్పాడో గుర్తుండాలి. "మీ అబ్బాయి పరీక్ష ఏమైంది?" అని ఒక విద్యార్థి ఇంకో విద్యార్థిని అడిగినప్పుడే అసలు సంభాషణ మొదలవుతుంది. అలా అడగడానికి మా గ్రూపులకి సాధారణంగా మూడు వారాలు పడుతుంది.

నలుగురు అన్న లెక్క గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఈ సర్వీసులో నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

స్కూల్లో నా క్లాసులో 40 మంది ఉండేవారు. 50 నిమిషాల్లో నేను నోరు తెరవకుండా మొత్తం సమయం పిల్లలకే ఇచ్చినా తలా 75 సెకన్లు వచ్చేవి. మేం వ్యాకరణం బాగానే చెప్పాం, పిల్లలు పరీక్షలు బాగానే రాశారు, మాట్లాడటం మాత్రం రాలేదు. కెనడాలో ఫ్రెంచి మాధ్యమంలో చదివిన ఇంగ్లీషు పిల్లల్ని పరిశీలించిన మెరిల్ స్వెయిన్ 1985లో ఇదే రాశారు: ఏళ్ళ తరబడి ఫ్రెంచి విన్న ఆ పిల్లలకి అర్థం చేసుకోవడం చాలా బాగా వచ్చింది, మాట్లాడటంలో, రాయడంలో మాత్రం లోటు మిగిలిపోయింది. వినడం ఒక్కటే చాలదని, తామే మాటలు కూర్చుకోవాల్సిన అవసరం రావాలని ఆమె వాదన. అది చదివినప్పుడు నా పాత క్లాసులు కళ్ళముందు కదిలాయి.

నలుగురున్నప్పుడు వీడియో కాల్‌లోనే ఇద్దరిద్దరిగా రెండు విడి గదులు చేయవచ్చు. రెండు గదుల్లోనూ ఒకేసారి మాటలు నడుస్తాయి కాబట్టి ఉన్న నిమిషాలు రెట్టింపవుతాయి. ముగ్గురుంటే ఎప్పుడూ ఒకరు మిగిలిపోతారు. ఆరుగురుంటే మూడు గదులవుతాయి, నేను ఒక గదిలో ఉంటే రెండు గదులు నా చెవికి దూరమవుతాయి. నలుగురిలో ఒకరు రాకపోయినా క్లాసు నడుస్తుంది, ఇద్దరు రాకపోయినా ఇంకా ఒక జత ఉంటుంది.

ఇంకో సంగతి ఉంది, ఇది నాకు మూడో నెలలో తట్టింది. నలుగురిలో ప్రతి ఒక్కరికీ సరిగ్గా ముగ్గురు జతగాళ్ళు దొరుకుతారు. మాట ధారాళంగా రావడానికి '4-3-2' అనే అభ్యాసం ఒకటుంది. కీత్ మారిస్ 1983లో ప్రతిపాదించారు, న్యూజిలాండ్‌లో పనిచేసిన పాల్ నేషన్ రాతల వల్ల టీచర్లలో బాగా పాకింది. ఒకే విషయాన్ని మొదటి మనిషికి 4 నిమిషాల్లో, రెండో మనిషికి 3 నిమిషాల్లో, మూడో మనిషికి 2 నిమిషాల్లో చెప్పాలి. వినేవాళ్ళు మారుతూ ఉంటారు కాబట్టి చెప్పిందే చెప్పినా విసుగు రాదు. సమయం తగ్గుతూ ఉంటుంది కాబట్టి తడుముకోవడం తగ్గుతుంది. దీనికి కావలసింది ముగ్గురు వేర్వేరు శ్రోతలు. నలుగురి గ్రూపు దీనికోసమే పుట్టినట్టుంటుంది. ప్రతి జతలో ఇద్దరూ మాట్లాడాలి కనుక మొత్తం 18 నిమిషాలు పడుతుంది, అందులో తలా 9 నిమిషాలు మాట్లాడతారు.

నా గ్రూపుల్లో ఒకదాని గురించి చెబుతాను. జపాన్ నుంచి ఒక ఇంజనీరు, యాభై దాటినవారు. వియత్నాం నర్సు, బ్రెజిల్‌లో హోటల్ రిసెప్షన్‌లో పనిచేసే కుర్రాడు, టర్కీ నుంచి ఒక కాలేజీ అమ్మాయి. "పనిలో నేను చేసిన ఒక పొరపాటు" అని విషయం ఇచ్చాను. మొదటి గదిలో ఇంజనీరు గారు 1 నిమిషం 40 సెకన్లకే ఆగిపోయారు. మిగిలిన సమయమంతా తల వంచుకుని కూర్చున్నారు. రెండో గదిలో, పోయిన గదిలో వెతికి వెతికి దొరకని మాట ఆయనకి ఈసారి దానంతటదే వచ్చింది. మూడో గదిలో ఆ రెండు నిమిషాలూ ఆగకుండా మాట్లాడి, టైం అయిపోతే "ఇంకా ఉంది" అన్నారు. 11 ఏళ్ళ స్కూలు ఉద్యోగంలో అంత తక్కువ సమయంలో అంత మార్పు నేను చూడలేదు.

అయితే ఈ జతలు మార్చడమే ఈ సర్వీసులో పెద్ద తలనొప్పిగా ఉండేది. గదుల్లోకి ఎవర్ని ఎవరితో పంపాలో సాఫ్ట్‌వేర్ తనంతట తానే లాటరీ తీసినట్టు తేల్చేది. నాకు రెండు కొత్త జతలు కావాలి, అది మళ్ళీ పాత జతలనే కలిపేది. గదులు మూయడం, మళ్ళీ తెరవడం, మళ్ళీ మూయడం. ఒక్కోసారి మూడు నిమిషాలు అందులోనే పోయేవి, నర్సుకి మొదటి రోజు దొరికిన మాటల సమయం కంటే అది ఎక్కువ. టీచర్లం చాలామంది రాసి రాసి అలసిపోయాక, నేను చేరిన తొమ్మిదో నెలలో మా చేత్తో మేమే జతలు కట్టుకునే వీలు ఇచ్చారు. ఇప్పుడు పది సెకన్లు పడుతుంది. మీరు చేరబోయే సర్వీసులో ఈ వీలుందో లేదో ముందే అడగండి, డెమో చూపించమనండి.

ఇక మౌనం. దీని మీద సర్వీసుకీ నాకూ పెద్ద వాదనే జరిగింది.

ప్రతి వారం మాకొక ఆటోమేటిక్ రిపోర్టు వస్తుంది. టీచర్ ఎంతసేపు మాట్లాడారు, విద్యార్థులు ఎంతసేపు మాట్లాడారు, ఎవరూ మాట్లాడని సమయం ఎంత. మొదటి రెండు గడులూ నిజంగా ఉపయోగం. నా మొదటి క్లాసులో 50 నిమిషాల్లో 31 నిమిషాలు నేనే మాట్లాడానని ఆ రిపోర్టే చూపించింది. అంతకుముందు ఎవరైనా అడిగితే పదిహేను అని చెప్పేదాన్ని. అప్పట్నుంచే నోట్‌బుక్ పెట్టుకుని, గదుల రికార్డింగులు చూసి ఎవరి నిమిషాలు వాళ్ళకి రాయడం మొదలుపెట్టాను. మూడో గడి దగ్గర మాత్రం నాలుగు సెకన్లు దాటిన ప్రతి మౌనాన్నీ ఎర్ర రంగులో చూపించి 'మెరుగుపరచుకోవాలి' అని రాసేవారు.

అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ సైన్సు క్లాసుల్ని పరిశీలించి 1970లలో ఒక విషయం బయటపెట్టారు. టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక సెకను కూడా సరిగ్గా ఆగడం లేదు. దాన్ని మూడు సెకన్లు చేస్తే పిల్లల జవాబులు పొడవయ్యాయి, జవాబు రాకపోవడం తగ్గింది. ఆ పిల్లలు తమ సొంత భాషలో జవాబు చెబుతున్నవాళ్ళు. పరాయి భాషలో, వీడియో కాల్‌లో, కొత్తవాళ్ళ ముందు మాట్లాడేవాళ్ళకి నాలుగు సెకన్లు ఏ మూలకి?

పైగా మా గ్రూపులో ఇద్దరి భాషల్లో క్రియ చివర్లో వస్తుంది. టర్కిష్, జపనీస్ రెండూ అంతే, మన తెలుగూ అంతే. "నేను నిన్న ఆఫీసులో మా మేనేజరుతో ఆ కొత్త మెషీను గురించి..." దాకా వచ్చాక మాట్లాడానా, గొడవపడ్డానా, మాట్లాడలేకపోయానా అన్నది చివర్లో తేల్చుకుంటాం. ఇంగ్లీషులో 'ఐ' అన్న వెంటనే క్రియ కావాలి. అందుకే ఇంజనీరు గారు 'ఐ' అనేసి ఆరేడు సెకన్లు ఆగుతారు. ఆయన బుర్రలో వాక్యం మొత్తం తిరగబడి చివరనున్నది ముందుకి రావాలి. నాకది తెలుసు, చిన్నప్పుడు నేనూ అక్కడే ఆగేదాన్ని. ఆ ఆరు సెకన్లలో నేను మధ్యలో దూరి మాట అందిస్తే ఆయన థాంక్యూ చెప్పి ఊరుకుంటారు, వాక్యం మాత్రం నాదైపోతుంది.

ఇదంతా మెయిల్ రాశాను. మొదటిసారి యంత్రం రాసినట్టున్న జవాబు వచ్చింది. రెండోసారీ అంతే. మూడోసారి రెండు రికార్డింగుల సమయాలు సెకన్లతో సహా రాసి పంపాను: ఇక్కడ 7 సెకన్లు ఆగాను, తర్వాత ఆయన చెప్పిన వాక్యం ఇది, ఇక్కడ 2 సెకన్లకే మాట అందించాను, తర్వాత ఆయన చెప్పింది ఒక్క 'యెస్'. ఈసారి ఒక మనిషి ఫోన్ చేసి మాట్లాడారు, ఓపిగ్గా విన్నారు. ఎర్ర రంగు తీసేశారు. ఆ గడి ఇంకా ఉంది, కొత్తగా చేరిన టీచర్లు ఇప్పటికీ దాన్ని చూసి టెన్షన్ పడి ఖాళీలన్నీ తామే నింపేస్తున్నారు. దాన్ని పూర్తిగా తీసేయాలని నేను ఇంకా అడుగుతూనే ఉన్నాను.

సాఫ్ట్‌వేర్ లోపాల్లో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది రొద తగ్గించే ఫీచరు. వెనక ఫ్యాన్ తిరుగుతున్నా, వీధిలో హారన్లు మోగుతున్నా అవతలివాళ్ళకి వినపడకుండా చేస్తుంది. మీటింగులకి మంచిదే. ఉచ్చారణ నేర్పేచోట అది శత్రువు. పదం చివర వచ్చే 'స్', 'ట్', 'క్' లాంటి చిన్న శబ్దాల్ని కూడా అది రొద అనుకుని కోసేస్తుంది. 'స్' శబ్దం బలమంతా ఎక్కువగా 4,000 హెర్ట్జ్‌కి పైన ఉంటుంది. పాతకాలం ఫోన్ లైను మోసేది 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకానే. ఫోన్లో 'ఎస్', 'ఎఫ్' తేడా తెలియక అక్షరాన్ని ఊరి పేరుతోనో మనిషి పేరుతోనో చెప్పడం అందరికీ అనుభవమే. మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో కూడా మైకు ఆన్ చేయగానే చాలావాటిలో శబ్దం నాణ్యత పడిపోతుంది. నేను మొదటి వారంలోనే అందరికీ చెబుతాను, వైరున్న హెడ్‌సెట్ ఏదున్నా అదే పెట్టుకోండి అని.

వియత్నాం నర్సుకి సరిగ్గా అక్కడే సమస్య. వియత్నమీస్‌లో పదం చివర వచ్చే హల్లులు కొన్నే, వాటిని కూడా పూర్తిగా విడిచి పలకరు. ఒకరోజు ఆమె తన డ్యూటీ గురించి చెబుతూ "ఐ వర్క్ నై" అంది. బ్రెజిల్ కుర్రాడు "నైన్ అవర్స్?" అని అడిగాడు. కాదంది. టర్కీ అమ్మాయి "నైన్ ఓ క్లాక్?" అంది. అదీ కాదు. ఆమె చెప్పాలనుకున్నది 'నైట్'. నేను చెప్పేయలేదు, ఆగాను. మూడోసారి ఆమె తనంతట తనే చీకటి బొమ్మ గీసి చూపించింది. ఆ తర్వాత రెండు వారాలు 'నైట్, నైన్, నైస్, నైఫ్' మీదే పనిచేశాం. కానీ ఆమె 'నైస్' సరిగ్గా పలికిందో లేదో నాకు తెలియని రోజులు ఉన్నాయి, ఎందుకంటే ఆ 'స్' నా దాకా వచ్చేది కాదు. ఆమె తన ఫోన్లో విడిగా రికార్డు చేసి పంపితే చక్కగా ఉంది. రెండు వారాలు ఆ అమ్మాయిని తప్పు లేనిచోట తప్పుందని సరిదిద్దాను. దీనికి నాకు ఇప్పటికీ బాధగా ఉంది. టీచర్ వైపు ఆ ఫీచరు ఆపుకోవచ్చు, విద్యార్థి వైపు ఆపుకునే బటనే లేదు. ఇది అడిగి ఎనిమిది నెలలైంది, ఇంకా ఇవ్వలేదు.

ఉచ్చారణ మాట వచ్చింది కాబట్టి తెలుగు టీచర్లకి ఒక మంచి మాట చెప్పాలి. మనది అజంత భాష, మాట అచ్చుతో ముగియాలి. అందుకే బస్ మనకి బస్సు, టెస్ట్ టెస్టు, డెస్క్ డెస్కు అయ్యాయి. జపాన్‌లో అవే మాటలు 'బసు', 'తెసుతో', 'దెసుకు'. ఇంజనీరు గారు 'డెస్క్' అనబోయి 'దెసుకు' అన్నప్పుడు ఆ చివరి 'ఉ' ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఒక్క క్షణంలో అర్థమైంది. స్పానిష్ మాట్లాడేవాళ్ళు 'స్కూల్' ముందు 'ఎ' చేర్చి 'ఎస్కూల్' అంటారు, మన పెద్దవాళ్ళు 'ఇస్కూలు' అన్నట్టే. టర్కిష్‌లో మనలాగే 'వ' ఒకటే. పడమర అని చెప్పే 'వెస్ట్', తొడుక్కునే 'వెస్ట్' తెలుగు లిపిలో రాస్తే ఒకటే అక్షరాలు; ఇంగ్లీషులో ఒకదానికి పెదవులు గుండ్రంగా చుట్టాలి, ఇంకోదానికి పై పళ్ళు కింది పెదవికి తగలాలి. ఆ తేడా నేను పెద్దయ్యాక నేర్చుకున్నాను కాబట్టే మెట్టు మెట్టుగా చెప్పగలుగుతున్నాను. బ్రెజిల్ కుర్రాడి చిక్కు మాత్రం మనకి లేనిది. వాళ్ళ పోర్చుగీసులో పదం మొదట్లో వచ్చే 'ర' దాదాపు 'హ'లా పలుకుతుంది, అందుకని హోటల్లో పనిచేసే అతను రోజంతా 'రూమ్'ని 'హూమ్' అంటాడు.

ఏది దిద్దాలి, ఏది వదిలేయాలి అన్నది నేను జెన్నిఫర్ జెంకిన్స్ 2000లో వెలువరించిన పరిశోధన నుంచి నేర్చుకున్నాను. వేర్వేరు మాతృభాషల వాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడుకునేటప్పుడు ఎక్కడ అర్థం చెడుతుందో ఆమె పరిశీలించారు. 'థింక్'లో 'థ' సరిగ్గా పలక్కపోవడం వల్ల పెద్దగా ఏమీ చెడదు. అచ్చుల పొడవు, పదం మొదట్లో వచ్చే జంట హల్లులు, వాక్యంలో ఏ మాట మీద ఒత్తు పడుతుంది అన్నవి చెడితే మాట అర్థం కాదు. సర్వీసు ఇచ్చే స్లైడ్లలో 'థ' మీద మూడు పాఠాలున్నాయి, వాక్యంలో ఒత్తు మీద ఒక్కటే. నేను ఆ మూడింటిలో రెండు వదిలేస్తాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, అది ఈ సర్వీసుకి ఒక ప్లస్.

తప్పులు దిద్దే పద్ధతిలో కూడా వాళ్ళ గైడు చెప్పేదానితో నేను ఏకీభవించను. విద్యార్థి తప్పుగా అనగానే సరైన వాక్యాన్ని టీచర్‌నే మెల్లిగా తిరిగి అనమంటారు. వినడానికి మర్యాదగా ఉంటుంది. కెనడాలో రాయ్ లిస్టర్, లైలా రాంటా 1997లో ఫ్రెంచి మాధ్యమం క్లాసుల్ని పరిశీలించి, టీచర్లు చేసే దిద్దుబాట్లలో సగానికి పైగా ఇవేనని, విద్యార్థి తిరిగి సరిచేసుకోవడం వీటితోనే అన్నిటికంటే తక్కువని తేల్చారు. టీచర్ తన మాట ఒప్పుకుంటున్నారని అనుకుని విద్యార్థి ముందుకెళ్ళిపోతాడు. నేను గదుల్లో తిరుగుతూ విన్న తప్పుల్ని పేర్లు లేకుండా రాసుకుని, చివరి ఏడు నిమిషాల్లో ఆరు వాక్యాలు తెరమీద పెడతాను. నలుగురూ కలిసి సరిచేస్తారు. ఎవరి వాక్యమో వాళ్ళకి తెలుస్తుంది, ఇంకెవరికీ తెలియాల్సిన పనిలేదు.

ఇక లెవెల్ టెస్టు. కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించిన భాష ఎంత వచ్చో చెప్పే ఆరు మెట్ల కొలమానం ఉంది, కింది మెట్టు ఏ1 నుంచి పై మెట్టు సీ2 దాకా, సర్వీసు దాన్నే వాడుతుంది. ఆ కొలమానంలో మాట్లాడటానికీ, చదవడానికీ, రాయడానికీ వేర్వేరు వివరణలున్నాయి. ఈ సర్వీసు మాత్రం 40 ఆబ్జెక్టివ్ ప్రశ్నలిచ్చి, టిక్కులు లెక్కపెట్టి, గ్రూపులో వేసేస్తుంది. విద్యార్థి గొంతు ఒక్క సెకను కూడా ఎవరూ వినరు. ఇంజనీరు గారికి బీ2 వచ్చింది, నోరు తెరిస్తే ఏ2. హోటల్ కుర్రాడికి ఏ2 వచ్చింది, రోజూ అతిథులతో మాట్లాడి మాట్లాడి మాటలో బీ1కి తక్కువ లేడు. మా గ్రూపులో ఇది కలిసొచ్చింది, ఒకరి బలం ఇంకొకరికి పనికొచ్చింది. ఇంకో గ్రూపులో ఒక ఆవిడ రెండో వారంలోనే మానేశారు. మిగతా ముగ్గురి వేగం చూసి భయపడ్డారని ఆవిడ మెయిల్‌లో రాశారు. స్పోకెన్ ఇంగ్లీషు కోర్సులో మాట్లాడించకుండా లెవెల్ తేల్చడం ఎలా సమర్థిస్తారో నాకు అర్థం కాదు. రెండు నిమిషాల వాయిస్ రికార్డింగ్ పంపమంటే చాలు.

టైం విషయంలో మా నలుగురి గ్రూపు అదృష్టం చేసుకుంది. జపాన్‌లో రాత్రి 9 అయితే వియత్నాంలో 7, టర్కీలో మధ్యాహ్నం 3, బ్రెజిల్ కుర్రాడికి పొద్దున 9. నాలుగు దేశాల్లోనూ గడియారాలు ముందుకీ వెనక్కీ జరపరు. టర్కీ 2016లో, బ్రెజిల్ 2019లో ఆ అలవాటు మానేశాయి. యూరప్‌లో మాత్రం మార్చి, అక్టోబరు నెలల ఆఖరి ఆదివారాల్లో గంట మారుతుంది. నా ఇంకో గ్రూపులో స్పెయిన్ విద్యార్థి ఉన్నారు. మార్చి ఆఖర్లో సర్వీసు రిమైండర్ మెయిల్‌లో పాత టైమే వెళ్ళింది. ఆయన గంట ముందే వచ్చి, ఖాళీ గదిలో 20 నిమిషాలు కూర్చుని వెళ్ళిపోయారు, రిపోర్టులో గైర్హాజరు పడింది. దాన్ని సరిచేయించడానికి వారం పట్టింది. అప్పట్నుంచి ఆ రెండు వారాల్లో నేనే అందరికీ విడిగా మెసేజ్ పెడతాను.

డబ్బు గురించి ఎక్కువ చెప్పను. క్లాసు లెక్కన ఇస్తారు, ఎంతమంది వచ్చారన్నదానితో సంబంధం లేదు, ఇద్దరే వచ్చినా పూర్తిగా ఇస్తారు, ఆలస్యం ఎప్పుడూ కాలేదు. తయారీకి పట్టే సమయానికి మాత్రం ఏమీ ఇవ్వరు. నాకు ఒక్కో క్లాసుకి దాదాపు 40 నిమిషాలు తయారీకి, నోట్‌బుక్‌కి పోతాయి. స్లైడ్లు యథాతథంగా చదివేస్తే అంత పట్టదు, కానీ అలా చదివితే మళ్ళీ నేనే 31 నిమిషాలు మాట్లాడతాను.

టీచర్ల జాబితాలో 'నేటివ్ స్పీకర్' అనే ఫిల్టర్ ఉంది. విద్యార్థి అది నొక్కితే నాలాంటివాళ్ళం ఎవరం కనపడం. మొదటి మూడు నెలలు నా గ్రూపులు నిండకపోవడానికి అదే కారణమని నా నమ్మకం. ప్రపంచంలో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళలో పుట్టుకతో మాట్లాడేవాళ్ళ కంటే నేర్చుకుని మాట్లాడేవాళ్ళే ఎక్కువ. ఇందాక చెప్పిన ఆరు మెట్ల కొలమానానికి 2020లో వచ్చిన అనుబంధ గ్రంథం 'నేటివ్ స్పీకర్' అన్న మాటని తన వివరణల్లోంచి తీసేసింది. అదే కొలమానాన్ని వాడే సర్వీసు ఆ ఫిల్టర్ని అట్టిపెట్టుకోవడం సరికాదు. నర్సుకి రేపు మాట్లాడాల్సింది జపాన్ డాక్టరుతోనో, ఫిలిప్పీన్స్ నర్సుతోనో కావచ్చు.

స్టార్ రేటింగులో ఒక ఇబ్బంది వస్తుంది, ముందే తెలిసి ఉండటం మంచిది. నేను మాటలు తగ్గించిన కొత్తలో ఒకరు రెండు స్టార్లిచ్చి "టీచర్ పెద్దగా మాట్లాడలేదు" అని రాశారు. వాళ్ళు చిన్నప్పట్నుంచీ చూసిన పాఠం అంటే టీచర్ మాట్లాడటమే, వాళ్ళ తప్పేం లేదు. ఇప్పుడు మొదటి క్లాసులోనే నోట్‌బుక్ చూపించి, మీ నిమిషాలు నేను లెక్కపెడతాను, ప్రతి వారం చెబుతాను అంటాను. ఆ తర్వాత అలాంటి రేటింగ్ రాలేదు.

ఐదుకి మూడున్నర ఇస్తున్నాను. నలుగురి నియమానికి, గ్రూపు మారకుండా ఉంచినందుకు పూర్తి మార్కులు. లెవెల్ టెస్టుకి ఒకటి, ఆ రొద ఫీచరుకి అర తీసేశాను. ఓపిగ్గా వినగలిగి, క్లాసు తర్వాత రికార్డింగు చూసుకునే తీరికున్న టీచర్లు చేరొచ్చు. చిన్నపిల్లలకి చెప్పాలనుకునేవాళ్ళకి ఇది కాదు, ఇక్కడ అందరూ పెద్దవాళ్ళే. రోజుకి ఎనిమిది క్లాసులు చెప్పి సంపాదించాలనుకునేవాళ్ళకి కూడా ఇది నప్పదు, మూడు దాటితే నేను సరిగ్గా వినలేకపోతున్నాను.

వచ్చే బ్యాచ్‌కి రెండు గ్రూపులు ఒప్పుకున్నాను. నర్సు, ఇంజనీరు గారు మళ్ళీ నా దగ్గరే చేరారు. ఆయన రాత్రి 9 గంటల క్లాసే కావాలన్నారు. ఆమె ఈసారి వైరున్న హెడ్‌సెట్ కొనుక్కుంది, మొన్న దాన్ని పరీక్షించడానికి 'నైస్' అని మూడుసార్లు రికార్డు చేసి పంపింది. మూడింటిలోనూ 'స్' వినపడింది.